పదమూడో ఆకు

నిరుడు వినాయక చవితినాడు బంధువుల ఇంట్లో పూజకు కూర్చున్నాను. ఫోనులో పంతులుగారి గొంతు పరుగెడుతోంది. "సర్వేశ్వరాయ నమః, దేవదారుపత్రం పూజయామి" అనగానే ఇంటాయన పళ్లెంలో చేయి పెట్టి, అందిన ఆకు తుంచి స్వామి మీద వేశాడు. అది కానుగాకు. అంతకుముందు బృహతీపత్రమూ కానుగాకే, ఆ తరువాత సింధువారమూ, అంటే వావిలీ, అదే. ఇరవై ఒక్క నామాలకూ ఒక్క కొమ్మ సరిపోయింది. బజారులో కట్ట కొన్నారట. అమ్మినవాడిని ఏమీ అనను, చేతికందిన పచ్చదనం కట్టి అమ్ముకున్నాడు. ఏ ఆకు ఏదో అడగకుండా కొన్న మనల్ని అనాలి.

ఆ ఇరవై ఒక్కటిలో పదమూడోది దేవదారు. నాకు ఆ పదమూడో ఆకంటే ప్రాణం. కాళిదాసు రఘువంశం రెండో సర్గలో సింహం దిలీప మహారాజుకు ఒక దేవదారు చెట్టును చూపించి, "పుత్రీకృతోఽసౌ వృషభధ్వజేన" అంటుంది. శివుడు కొడుకుగా చేసుకున్న చెట్టు అది. అమ్మవారు బంగారు కుండలతో నీళ్లు పోస్తే, ఆ నీళ్లను తల్లిపాలుగా తాగి పెరిగిందని కాళిదాసు భావన. ఒకనాడు అడవి ఏనుగు ఒకటి కణత దురద తీర్చుకోవడానికి దానికి రాసుకుంటే బెరడు ఊడిపోయింది. రాక్షసుల అస్త్రాలు తగిలిన కుమారస్వామిని చూసినట్లు పార్వతీదేవి దుఃఖపడిందట. అందుకే ఆ సింహం అక్కడ కాపలా.

అంటే ఆ చెట్టు మన స్వామికి తోబుట్టువు. పైగా అది పెరిగిన హిమవంతం ఆయనకు అమ్మమ్మగారి ఊరు. నాడు బెరడు చీల్చింది ఏనుగు, ఇప్పుడు ఆ ఆకును అందుకుంటున్నదీ ఏనుగు మొగమే. ఇది ఏ వ్రతకల్పంలో ఉందని అడగకండి, ఎక్కడా లేదు. నాకు తోచింది. తోచినప్పటి నుంచి ఆ నామం దగ్గర నా చేయి కాసేపు ఆగుతుంది. ఆ తల్లి ఒక బిడ్డను నీళ్లు పోసి పెంచింది, ఇంకొక బిడ్డను నలుగుపిండితో చేసి వాకిట్లో నిలబెట్టింది. ఎన్నాళ్లకో భర్త ఇంటికి వస్తున్నాడని తెలిసిన రోజున కూడా ఆమె చేతికి పని కల్పించుకుంది, చూడండి.

పద్దెనిమిదేళ్ల కిందట మావారికి నిజామాబాద్ బదిలీ అయింది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన సామానులో మా అత్తగారిచ్చిన పాలవెల్లి విరిగిపోయి ఉంది. కొత్త ఊరు, తెలిసిన మొహం ఒక్కటి లేదు, వారంలో చవితి. ఆ విరిగిన కొయ్యముక్కలు ఒళ్లో పెట్టుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మావారు ఎక్కడి నుంచో పాత తడిక తెచ్చి, వెదురు బద్దలు చీల్చి, అడ్డం నిలువు పేర్చి పురికొసతో కట్టారు. ఒక మూల వంకర. పసుపు రాసి బొట్లు పెట్టినా వంకర వంకరగానే ఉంది. మొక్కజొన్న పొత్తులు, దానిమ్మలు, వెలక్కాయలు కట్టేసరికి ఆ మూల ఇంకా కిందికి దిగింది. కథ చదువుతుండగా వెలక్కాయ ఒకటి ఊడి సరిగ్గా స్వామి ఒళ్లో పడింది. ఆ ఇంట్లో మేము మొదటిసారి నవ్వింది అప్పుడే.

పత్రి సంగతి చెప్పాలి. ముందు రోజు సాయంత్రం అమ్మాయి చేయి పట్టుకుని బయలుదేరాను. గరిక, ఉత్తరేణి పక్క ఖాళీ స్థలంలోనే దొరికాయి. ఉత్తరేణి గింజలు అమ్మాయి గౌను అంచునిండా అంటుకున్నాయి. జిల్లేడు, ఉమ్మెత్త రైలుకట్ట పక్కన. దానిమ్మ, మరువం, జాజి కావాలంటే ఇళ్ల తలుపులు తట్టాలి. మొహమాటపడుతూనే తట్టాను. వావిలి మాత్రం ఎంతకీ లేదు. ఒక పెద్దావిడ "ఏం వెతుకుతున్నావు బిడ్డా" అని పెరట్లోకి తీసుకువెళ్లి, ఒక రెమ్మ తుంచి అరచేతిలో నలిపి వాసన చూపించింది. తన ముగ్గురు కోడళ్లకూ బాలింత స్నానాలు ఈ ఆకు వేసి కాచిన నీళ్లతోనే అని చెప్పింది. జమ్మి గుడి వెనక ఉందట, దసరాకు అందరూ అక్కడికే వస్తారు, మీరూ రండి అంది. వెళ్లాము. జమ్మాకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకున్నవాళ్లలో, చవితికి నేను తలుపు తట్టిన ఇళ్లవాళ్లు నలుగురున్నారు.

ఆ ఇరవై ఒక్క పేర్లూ ఒకసారి నింపాదిగా చదవండి. తులసి, మరువం పెరట్లోవి. ఉత్తరేణి కంచె పక్కది. రేగు బీడులో, వావిలి చెరువు గట్టున, మారేడు, రావి గుడి దగ్గర, మద్ది ఏటి ఒడ్డున. చివరికి మన చేతికందని హిమాలయం. గడప దాటి ఊరంతా తిరిగిరానిదే ఈ పూజ పూర్తి కాదు.

కాబట్టి ఈ ఏడు కట్ట కొనకండి. పిల్లలను వెంటపెట్టుకుని ముందురోజే బయలుదేరండి. తెలియని చెట్టు పేరు పక్కింటివాళ్లను అడగండి, సిగ్గుపడకండి. దొరకని ఆకుకు బదులు అక్షతలు వేయండి, చాలు. మా ఇంట్లో దేవదారుకు ఏటా అక్షతలే. కొమ్మలు మాత్రం విరవకండి. చవితి మర్నాడు గుడి దగ్గర మారేడును ఎప్పుడైనా చూశారా? చేయి అందినంత మేర మోడు. బెరడు ఊడితేనే ఏడ్చిన తల్లికి మనం చూపిస్తున్నది ఇదా! నామానికి ఒక ఆకు, అంతే.

అన్నట్టు, ఉమ్మెత్త, గన్నేరు విషం. అవి కోసిన చేతులు సబ్బుతో కడుక్కోకుండా పిల్లలను ఉండ్రాళ్ల పళ్లెం దగ్గరికి రానివ్వకండి.