తొమ్మిదింటికి తెరిచే అంగన్‌వాడీ, ఆరున్నరకే బయలుదేరే తల్లి

మిరపకోతల రోజుల్లో పల్నాడు పల్లెల్లో ఉదయం ఆరున్నరకే కూలీల ఆటోలు నిండిపోతాయి. ఈ ఫిబ్రవరిలో మా పిన్ని వాళ్ల ఊళ్లో వారం రోజులున్నాను. ఎదురింటి అమ్మాయి చీకటితోనే లేచి, వంట ముగించి, క్యారేజీ కట్టుకొని, నిద్రమత్తు వదలని నాలుగేళ్ల కూతురికి యూనిఫాం తొడిగి, అత్తగారికి అప్పగించి ఆటో ఎక్కడం రోజూ చూశాను. ఎనిమిదింటికి పసుపు రంగు కాన్వెంటు ఆటో వచ్చి ఆ పిల్లను తీసుకుపోతుంది. ఆ ఇంటికి నాలుగిళ్ల అవతలే అంగన్‌వాడీ కేంద్రం ఉంది. అక్కడ ఫీజు లేదు, పైగా మధ్యాహ్నం వేడి అన్నం, కోడిగుడ్డు పెడతారు. అయినా ఆ పిల్ల ఆరు కిలోమీటర్లు ప్రయాణం చేసి ఎల్‌కేజీ చదువుతోంది.

ఎంతవుతోందని ఒక సాయంత్రం అడిగాను. ఏడాదికి 14,000 రూపాయల ఫీజు, ఆటోకు నెలకు 500 అని చెప్పింది. పది నెలలకు లెక్క వేస్తే మొత్తం 19,000. కోతల్లో ఆమెకు రోజుకు 300 గిడుతుంది కాబట్టి, పుస్తకాలూ యూనిఫామూ పక్కన పెట్టినా, ఒక పిల్ల ఎల్‌కేజీ చదువుకు 63 రోజుల కూలి పోతోంది. ఇంగ్లీషు మీద మోజుతోనే ఈ ఖర్చు భరిస్తోందని నేను అనుకున్నాను. ఆమె చెప్పిన కారణం వేరు.

"అంగన్‌వాడీ తొమ్మిదింటికి తీస్తారక్కా. నేను ఆరున్నరకే పోవాల. మా అత్త ఎనిమిదిన్నరకి గేదెల్ని తోలుకొని పోద్ది. ఆ అరగంట పిల్ల ఎవరికాడ ఉండాల? మళ్లీ నాలుక్కే మూసేస్తారు. ఆటో అయితే ఐదింటికి దింపుద్ది, ఆలోపు మా అత్త ఇంటికొచ్చుద్ది."

ఇంగ్లీషు వస్తే మంచిదేనని తర్వాత తనే అన్నది. కానీ ముందుగా నోటికొచ్చినది గడియారం. ఒకటో తరగతికి ముందు చదువు, అంటే పూర్వప్రాథమిక విద్య, పేదలకు అందుతోందా అని మాట్లాడేటప్పుడు మనం ఫీజు దగ్గరే ఆగిపోతాం. అంగన్‌వాడీలో ఫీజు లేదు కాబట్టి అందుతున్నట్టే లెక్క వేస్తాం. కూలికి పోయే తల్లి పని గంటలకు సరిపడని బడి, ఎంత ఉచితమైనా, ఆమెకు దూరంగానే ఉంటుంది. ఆ దూరాన్ని ఆమె 19,000 రూపాయలు పోసి పూడ్చుకుంటోంది.

పోనీ, ఆ డబ్బుకు ఆ పిల్లకు మంచి చదువు దొరుకుతోందా అంటే, అదీ లేదు. రాత్రి ఏడున్నరకు మా పిన్ని ఇంటి అరుగు మీద కూర్చుని ఆ పిల్ల నాలుగు గీతల పుస్తకంలో హోంవర్కు రాసేది. పెన్సిలును గుప్పిట్లో బిగించి పట్టుకొని, 'బి'కి బొజ్జ ఎటు వైపు పెట్టాలో తెలియక, ఒకే అక్షరం పేజీ నిండా రాస్తూ రాస్తూ పుస్తకం మీదే నిద్రపోయేది. వేళ్ల కీళ్లకు ఇంకా పట్టు రాని వయసది. ఆడుతూ, పాడుతూ, కథలు వింటూ మాటలు పోగుచేసుకోవలసిన ఏడాదిని ఇలా గీతల మధ్య ఖర్చు చేయడం నాకు చాలా బాధ కలిగించింది.

అంగన్‌వాడీలో ఒక ఉదయమంతా కూర్చున్నాను. పన్నెండు మంది పిల్లలు వచ్చారు. టీచరు ఒక్కొక్కరి ముందు గుప్పెడు చింతగింజలు పోసి, అయిదేసి చొప్పున కుప్పలు పెట్టమన్నది. ఒక పిల్లవాడు కుప్పలు పెట్టకుండా గింజలన్నిటినీ వరసగా పేర్చి, అది రైలన్నాడు. టీచరు వాడిని కోప్పడలేదు. "అట్టాగా, మరి నీ రైలుకు ఎన్ని పెట్టెలున్నయ్యి నాన్నా?" అని అడిగింది. వాడు వేలు పెట్టి లెక్క మొదలుపెట్టాడు. పక్కనున్న ఇద్దరు తమ గింజలు కూడా తెచ్చి రైలుకు తగిలించారు. ఏ కాన్వెంటూ ఆ ఊరి పిల్లలకు ఇవ్వలేని చదువును నేను ఆ పది నిమిషాల్లో చూశాను.

వాడు పదకొండో పెట్టె దగ్గరున్నప్పుడు ఒక గర్భిణి రేషను సరుకుల కోసం వచ్చింది. సరుకులు ఇవ్వాలంటే ఫోనులోని పోషణ్ ట్రాకర్ యాప్ ఆమె ముఖాన్ని గుర్తించాలి. గదిలో వెలుతురు చాలక యాప్ గుర్తించలేదు. టీచరు ఆమెను వరండాలోకి, అక్కడినుంచి రోడ్డు మీదికి తీసుకుపోయింది. సిగ్నలు వచ్చి పని అయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. కేంద్రంలో వంట చేసే ఆయమ్మ పొయ్యి దగ్గర ఉంది. టీచరు తిరిగి వచ్చేసరికి గింజలు గదంతా చెల్లాచెదురై ఉన్నాయి, భోజనాల వేళ కూడా అయింది. ఆ రోజు రైలు పెట్టెల లెక్క తేలలేదు.

ఇందులో ఆమె తప్పేమీ లేదు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో, అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పుడే, అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ పాఠాలు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చదువు అనే ఆరు సేవలను ఒకే కేంద్రం మీద పెట్టారు. మొదటి ఐదింటికీ లెక్కలు అడిగేవారు ఉన్నారు, తూకాలూ రిజిస్టర్లూ ఉన్నాయి. పిల్లవాడు రైలు పెట్టెలు లెక్కపెట్టాడా లేదా అని అడిగే రిజిస్టరు లేదు కాబట్టి, పని ఒత్తిడి పెరిగిన ప్రతిసారీ కోతపడేది చదువే. ఆంధ్రప్రదేశ్‌లోని 55,607 కేంద్రాల్లోనూ, తెలంగాణలోని 35,700 కేంద్రాల్లోనూ ఈ పనులన్నీ ఒక టీచరూ ఒక ఆయమ్మా మోస్తున్నవే. చిన్న కేంద్రాల్లో ఆయమ్మ తోడు కూడా లేకుండా ఏళ్ల తరబడి నడిపారు.

టీచర్లకూ ఆయమ్మలకూ ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీచరుకు అది 11,500 రూపాయలైంది. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేసినప్పుడు, సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించేంత అత్యవసర సేవగా ప్రభుత్వం వారి పనిని గుర్తించింది. వేతనం దగ్గరికి వచ్చేసరికి ఆ గుర్తింపు కనబడదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ హక్కు ఉందని చెబుతూ, అంగన్‌వాడీలు పూర్వప్రాథమిక విద్యను అందిస్తున్న సంగతిని కూడా ప్రస్తావించింది.

చిన్నపిల్లల చదువు ఇలా అందరి చేతుల్లోంచి జారిపోవడానికి చట్టంలోనే ఒక ఖాళీ ఉంది. రాజ్యాంగంలోని 45వ అధికరణం మొదట్లో పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అన్నది. కింది వయసు ఇంత అని గీత గీయలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో (మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రతివాదిగా ఉన్న కేసు అది) సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2002లో 86వ సవరణ వచ్చి, ఆ హక్కును 21ఎ అధికరణంలో చేరుస్తూనే ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసు పిల్లలకే కుదించింది. ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణకు, చదువుకు రాజ్యం ప్రయత్నిస్తుంది అన్న హామీ మాత్రమే మిగిలింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా మూడేళ్లు దాటిన పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అన్నదే తప్ప, చేయాలి అనలేదు.

ఈ రెండు క్రియల మధ్య తేడా ఎదురింటి వాకిట్లో ఎలా కనిపిస్తుందో చెబుతాను. పిల్లల చదువుకని తల్లుల ఖాతాలో డబ్బు వేసే పాత పథకం అమ్మఒడి గానీ, దాని తర్వాత వచ్చిన తల్లికి వందనం గానీ ఒకటో తరగతి నుంచే మొదలవుతాయి. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు ఇవ్వవలసిన 25 శాతం సీట్లకూ ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తులు ఒకటో తరగతికే పిలుస్తున్నారు. బడిలో పూర్వప్రాథమిక తరగతులుంటే అక్కడినుంచే ఈ నిబంధన వర్తిస్తుందని చట్టంలో స్పష్టంగా ఉన్నా ఇదే పరిస్థితి. అంటే ఎల్‌కేజీ, యూకేజీ రెండేళ్ల ఖర్చూ పూర్తిగా ఆ తల్లి మీదే పడుతుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల వయసు నుంచే చదువును లెక్కలోకి తీసుకొని, 2030 నాటికి పిల్లలందరికీ పూర్వప్రాథమిక విద్య అందాలని రాసుకున్నది. విధానం రాసుకోవడం వేరు, హక్కుగా ఇవ్వడం వేరు.

నేను కోరేది పెద్ద భవనాలు కాదు. కోతలు, నాట్లు జరిగే నెలల్లోనైనా ఉదయం ఏడింటికి కేంద్రం తెరిచి, సాయంత్రం ఆరు వరకు పిల్లలను కనిపెట్టుకొని ఉండే మనిషిని అదనంగా నియమించాలి. ఇప్పుడున్న టీచర్ల మీదే ఆ గంటలు కూడా రుద్దితే అది అన్యాయం. పోషకాహారం పనులకు ఒకరు, పిల్లల చదువుకు మరొకరు, ఇద్దరికీ బతకడానికి సరిపడే జీతం ఉండాలి. విద్యాహక్కు మూడేళ్ల నుంచి మొదలయ్యేలా చట్టాన్ని సవరించాలి. ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఇప్పుడూ జరుగుతూనే ఉంది, కూలి చేసుకునేవాళ్ల చేతులమీదుగా.

మొన్న పిన్నితో ఫోనులో మాట్లాడినప్పుడు ఎదురింటి వాళ్ల సంగతి అడిగాను. వాళ్ల రెండోవాడికి జూన్‌లో మూడేళ్లు నిండుతాయట. సర్వేకు వచ్చిన అంగన్‌వాడీ టీచరు వాడి పేరు రాసుకొని, ఈసారైనా మా దగ్గరికి పంపమ్మా అని అడిగిందట. "ఎనిమిదింటికి తీస్తారా మేడం?" అని ఆ అమ్మాయి అడిగితే, పైవాళ్లను అడిగి చెబుతానన్నదట టీచరు. ఇంకా ఏ కబురూ రాలేదు. కాన్వెంటు ఆటో అతను మాత్రం ఇద్దరికీ కలిపి నెలకు 900 ఇస్తే చాలన్నాడని చెప్పింది పిన్ని.