ఊపిరి తీసుకోని పిల్ల

జూన్, ఆదివారం. పొద్దున్నుంచీ సన్నటి ముసురు. టోక్యో నిషి-కసాయిలో మా బాల్కనీ బట్టలు మూడో రోజూ ఆరలేదు.

ఉల్లికాడలకి బదులు ఇక్కడ దొరికే నెగి తెచ్చాను. మూరెడు పొడుగు, తెల్లటి కాడ బొటనవేలంత లావు. సింకులో కడుగుతుంటే మా అమ్మాయి వచ్చి ఒకటి లాక్కుని గిరగిరా తిప్పింది. గోడ నిండా నీళ్ళు. తిట్టబోయి ఊరుకున్నాను. ఈ తిప్పడం ఎక్కడిదో నాకూ తెలిసిపోయింది మరి. 2007లో ఎవరో హత్సునే మికు అనే పాడే సాఫ్ట్‌వేర్ చేత ఫిన్లాండ్ పాటొకటి పాడించి, దాని బొమ్మ చేతిలో నెగి పెట్టి ఊపించారు. అప్పట్నుంచీ సరస్వతికి వీణ ఎలాగో మికుకి ఉల్లికాడ అలాగ.

అప్పుడే తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్. వెనకాల పాట మోగుతూనే ఉంది.

"ఎవరే ఆ పాడేది? జలుబు చేసినట్టుంది గొంతు."

"మికు అని, సాఫ్ట్‌వేర్ అమ్మా."

"ఓహో. ఏ కంపెనీ?"

"సప్పోరోలో క్రిప్టాన్ ఫ్యూచర్ మీడియా," అన్నాను. అబద్ధమేం కాదుగా.

"వయసెంత?"

"పదహారు."

"పదహారేళ్ళకే ఉద్యోగమా!"

అమ్మాయి అందుకుంది. "2007 ఆగస్టు 31 నుంచీ పదహారే అమ్మమ్మా."

"మీ నాయనమ్మ కూడా అంతేలే," అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం దాన్నీ దాని స్నేహితురాలినీ స్టేషన్ దగ్గర కరావోకేకి తీసుకెళ్ళాను. బిల్లు కట్టడానికి నేను, పాడటానికి వాళ్ళు. ఇద్దరికీ పద్నాలుగేళ్ళు. మెలన్ సోడా తెచ్చుకుని వరసగా మికు పాటలే పెట్టారు. అందులో ఒకటి 2008 నాటిది, వీళ్ళు పుట్టకముందుది. డిలీట్ అయిపోతున్న మికు వీడ్కోలు చెప్పే పాట. నిమిషానికి 240 దరువులు. తెర మీద అక్షరాలు చీమల బారులా పరిగెడుతుంటే ఆ రెండో పిల్ల కళ్ళు మూసుకుని అప్పజెప్పేసింది. సగంలో మొహం ఎర్రబడి మైకు మా అమ్మాయి చేతిలో పెట్టి ఊపిరి పీల్చుకుంది, ఇది అందుకుంది. రిలే పరుగులో కర్ర మార్చుకున్నట్టు.

చిన్నప్పుడు తెనాలిలో నాకు సంగీతం చెప్పిన మాస్టారు గుర్తొచ్చారు. మాట మధ్యలో ఊపిరి తీస్తే తొడ మీద తాళం ఆపేసి, "మాట తెగింది, మళ్ళీ" అనేవారు. ఎక్కడ గాలి తీసుకోవాలో పెన్సిల్‌తో చుక్క పెట్టించేవారు. నా పుస్తకంలో స్వరాలకన్నా చుక్కలే ఎక్కువ. ఈ పాటల్లో చుక్క పెట్టడానికి సందేదీ? ఊపిరితిత్తులు లేనిదానికోసం రాసిన పాటని ఊపిరితిత్తులున్న పిల్లలు పాడుతున్నారు. మిషన్ మనిషిలా పాడటం పాతబడింది, మిషన్‌లా పాడలేక మనుషులు రొప్పుతుంటే చూడటమే నాకు కొత్త. మార్కులు మాత్రం దండిగానే వచ్చాయి, ఆ కరావోకే మిషన్‌కి మాట తెగిన సంగతి పట్టదు.

ఇంత పాత పాటలు మీకెలా తెలుసే అంటే ఇద్దరూ నన్నో అమాయకురాలిలా చూశారు. ప్రాజెక్ట్ సెకాయ్ అట, 2020లో వచ్చిన ఫోన్ ఆట. పాటకి తగ్గట్టు తెర మీద వేళ్ళతో కొడుతూ పోవాలి. అలా కొట్టీ కొట్టీ పాటలు కంఠతా వచ్చేశాయి. రాసినవాళ్ళని మాత్రం పేరు చివర 'పి' (ప్రొడ్యూసర్ అని) పెట్టి, మేనమామల గురించి చెప్పినంత చనువుగా చెబుతారు. గదిలో ఒక్కడే కూర్చుని మాట, బాణీ కట్టి నికోనికో అనే వీడియో సైట్‌లో పెట్టినవాళ్ళే చాలామంది. నేను ముచ్చటపడి వినే గాయకుడు యొనెజు కెన్షీ కూడా ఒకప్పుడు 'హచి' అన్న పేరుతో మికుకి పాటలు కట్టినవాడే. ఆ సంగతి నాకు చెప్పింది మా అమ్మాయే, కాస్త గర్వంగా.

"నిజం సింగర్లు బోలెడంతమంది ఉండగా ఈ పిల్లే ఎందుకు?" అని దారిలో అడిగాను. గొడుగు తిప్పుతూ, "నిజం సింగర్ అయితే ఆవిడ బాధ అనిపిస్తుంది కదమ్మా. మికుకి బాధ లేదు. అందుకే రాసినవాళ్ళదే వినపడుతుంది," అంది. నేను మారు మాట్లాడలేదు. ఆ వయసులో నాకింత తెలివి లేదు.

రాత్రి అది ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పుట్టినరోజుకి వాళ్ళ నాన్న కొనిచ్చిన మికు అందులో ఉంది. గళ్ళ కాగితం లాంటి తెర, పక్కన నిలువుగా పియానో మెట్లు. ఏ మెట్టు దగ్గర ఎంత పొడుగు గీత గీస్తే అంతసేపు ఆ స్వరం, గీత మీద ఒక అక్షరం. ఫుజితా సాకి అనే డబ్బింగ్ కళాకారిణి గొంతులోంచి తీసుకున్న ముక్కలివి. జపాన్ అక్షరాల వరస కూడా అ, క, స, త, న అంటూ మన ఓనమాల దారిలోనే పోతుంది. సంస్కృతం వెంట బౌద్ధంతో వచ్చిన వరస అది. మనవాళ్ళే కదా అన్న ధీమాతో "వెన్నెల" కొట్టమన్నాను. "బెన్నెరా" అంది మికు. "అమ్మా" కొడితే "అన్మా" అంది. ఆ మాటకి జపనీసులో ఒళ్ళు పట్టడం అని అర్థం. అమ్మాయి పడీపడీ నవ్వింది. రోజూ రాత్రి నా చేత కాళ్ళు పట్టించుకునేదానికి నవ్వు రాకేం చేస్తుంది.

నవ్వు ఆగాక తను కట్టిన నాలుగు వరసలు వినిపించింది. బాణీ బాగుంది గానీ రెండో వరస మధ్యలో ఏదో ఇరుకు. "ఇక్కడ గాలి కావాలే," అన్నాను అలవాటు కొద్దీ. ఎగతాళి చేస్తుందనుకున్నా. చెయ్యలేదు. కొందరు 'పి'లు వేరేగా రికార్డు చేసిన ఊపిరి చప్పుడుని గీతల మధ్య అతికిస్తారట. "నువ్వైతే ఎక్కడ తీసుకుంటావ్?" అంది. వేలు పెట్టి చూపించాను, పెన్సిల్ చుక్క పెట్టినట్టే.

ఫోన్ నా నోటి దగ్గర పెట్టింది. తీసుకున్నాను. విని మూతి ముడిచింది.

"కుక్కర్ కూత పడిందమ్మా. మళ్ళీ."