ఐదు బిళ్ళలు, ఒక నోటు

“అత్తా, నీదొక్కటే! నావి ఐదు!” అంటూ మా మేనకోడలు పది నోటు నా చేతిలో తిరిగి పెట్టేసింది. అమలాపురంలో, జామకాయల బండి దగ్గర. ఐదు రూపాయి బిళ్ళల్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, అరచేతిలో గుండ్రంగా అచ్చులు పడిపోయాయి.

సరిదిద్దబోయి ఆగాను. ఐదేళ్ళ పిల్లకి ఎక్కువంటే కంటికి ఎక్కువగా కనిపించేదే. ఏడేళ్ళ లోపు పిల్లల ఆలోచన ఇలాగే ఉంటుందని మనస్తత్వవేత్త పియాజే చెప్పారు కదా.

అయినా ఆ నోటు విలువ కాగితంలో ఎక్కడుంది? పది రూపాయలు చెల్లిస్తానని రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంతకంతో ఇచ్చిన మాటలో ఉంది, దాన్ని మనమంతా నమ్మడంలో ఉంది. ఆ నమ్మకాన్ని ఇంత చిన్నపిల్లకి ఎలా చూపించాలి?

బండి మామ్మగారు ఆ ఐదూ తీసుకుని, ఓ చిన్న కాయ కోసి ఉప్పూకారం అద్ది ఇచ్చారు. ఖాళీ అయిన అరచేతి వంకే చూసుకుంటూ తింది.