స్వాస్థ్యము

పదకొండు దాటింది. పెద్దవాడు సాయంత్రం అన్న మాట నన్ను పడుకోనివ్వడం లేదు. కుటుంబ ప్రార్థన ముగించి అందరం ఆమేన్ అన్న తరువాత వాడు లేచి, గొంతు ఏమాత్రం పెంచకుండా, "అమ్మా, ఇప్పుడే నన్ను అన్ని మాటలన్నావు, వెంటనే కళ్లు మూసుకుని 'ప్రేమగల తండ్రీ' అన్నావు. కోపమంతా ఎక్కడికి పోయింది?" అని అడిగి గదిలోకి వెళ్లిపోయాడు. చిన్నది మాత్రం మళ్లీ చేతులు జోడించి, ఎవరూ చెప్పకుండానే, "ప్రభువా, అన్నయ్య కోపం తగ్గించు, అమ్మది కూడా" అని వేడుకుంది. ఆ ప్రార్థనకు నా మనసు నిండాలి, కానీ వాడి ప్రశ్నే నిలిచిపోయింది.

అసలు సంగతి ఉదయం ఆరాధన ముగిశాక మొదలైంది. సంఘంలో నేను ఎంతో గౌరవించే ఒక పెద్దావిడ నలుగురి ముందు నన్ను ఆపి, మావాడు వెనుక వరుసకు చేరాడనీ, యవ్వనస్థుల కూడికకు రావడం మానేశాడనీ చెప్పి, "మీ నాన్నగారి నుంచి నీకు వచ్చిన విశ్వాసపు స్వాస్థ్యం నీ దగ్గరే ఆగిపోయేట్టుందమ్మా" అన్నారు. ఆపైన, బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము, వాడు పెద్దవాడైనప్పుడు దానినుండి తొలగిపోడనే సామెతల గ్రంథంలోని వాక్యాన్ని కూడా గుర్తుచేశారు. ఆ వాక్యం నాకు తెలియక కాదు. పిల్లవాడు తప్పిపోతున్నాడేమోనని రాత్రిళ్లు మోకరిస్తున్న తల్లికి ఆ వాక్యాన్నే నేరారోపణగా చదివి వినిపించడం ఎంత కఠినమైన పనో ఆమెకు తెలియకపోవడమే నన్ను బాధించింది.

ఆమెకు చెప్పని జవాబును రోజంతా మనసులో చెప్పుకుంటూనే ఉన్నాను. యూదా రాజు హిజ్కియా భక్తిలో లోపమేమిటి? ఆయన కుమారుడు మనష్షే 12 ఏళ్ల ప్రాయంలో రాజై, యెరూషలేములో 55 సంవత్సరాలు ఏలి, విగ్రహారాధన జరుగుతుందని తండ్రి పడగొట్టించిన ఉన్నత స్థలాలనే తిరిగి కట్టించాడు. ఆ మనష్షే కొడుకు ఆమోను కూడా చెడుతనమే జరిగించగా, ఆమోనుకు పుట్టిన యోషీయా 8 ఏళ్లకే సింహాసనమెక్కి, ఇంకా బాలుడిగా ఉండగానే దేవుణ్ణి వెదకడం మొదలుపెట్టాడు. యాజకుడైన ఏలీ కుమారుల దుర్మార్గాన్ని కళ్లారా చూస్తూ పెరిగినవాడు సమూయేలు ప్రవక్త, ఆయన కుమారులే లంచాలు పుచ్చుకుని న్యాయాన్ని తారుమారు చేశారు. సమూయేలు ఇంట ప్రార్థన కొరవడిందని ఎవరనగలరు? విశ్వాసం రక్తంతో పాటు దిగివచ్చేదైతే యోహాను తన సువార్త మొదటి అధ్యాయంలో, దేవుని పిల్లలు రక్తమువలన పుట్టినవారు కారని రాసి ఉండేవాడు కాడు.

ఇవన్నీ సత్యాలే. అయితే ఈ రాత్రి వీటిని కాగితం మీద పెట్టాక, వీటిని నేను దేనికి వాడుకుంటున్నానో కనబడి కలవరం కలిగింది. ఆవిడ మాటకు నొచ్చుకుని ఇంటికి వచ్చి, ఆ నొప్పినంతా పెద్దవాడి మీద కుమ్మరించాను. ప్రార్థన వేళకు వాడు ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు, అంతే. పిల్లలకు నేర్పమనే ఆజ్ఞ ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలో ఏడవ వచనంలో ఉంది, ఆ మాటలు ముందుగా నీ హృదయంలో ఉండాలనేది ఆరవ వచనంలోనే ఉంది. ఇన్నేళ్లుగా నేను ఏడవ వచనాన్నే గట్టిగా పట్టుకున్నాను.

నాన్నగారి సంగతి గుర్తుకు వచ్చింది. అప్పుడు నాకు పదేళ్లుంటాయి. ఆ సాయంత్రం ఆయన అమ్మను ఏదో విషయంలో చాలా గట్టిగా కోప్పడ్డారు. ప్రార్థన వేళకు చాప పరిచి అందరం కూర్చున్నాం, అమ్మ మాత్రం వంటగదిలోనే ఉండిపోయింది. నాన్నగారు బైబిలు తెరిచారు, కళ్లద్దాలు పెట్టుకున్నారు, పేజీ మీద వేలు ఉంచారు. వేలు కదలడం లేదు, చదవడమూ లేదు. కాసేపటికి కళ్లద్దాలు తీసి మడిచి ఆ పేజీ మీదే పెట్టి, లేచి వంటగదిలోకి వెళ్లారు. అక్కడి మాటలేవీ మాకు స్పష్టంగా వినబడలేదు కానీ, "నాదే తప్పు" అన్నది మాత్రం వినబడింది. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ కూడా వెంట వచ్చింది, ఆమె చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. బలిపీఠం ఎదుట అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమనే మత్తయి సువార్త వాక్యాన్ని ఎన్నో ఏళ్ల తరువాత సొంతంగా చదివినప్పుడు, మడిచి ఉన్న ఆ కళ్లద్దాలే నా కళ్ల ముందు కదిలాయి. ఆయన మాతో కంఠత పెట్టించిన కీర్తనల్లో సగం మరచిపోయాను.

తన శిష్యుడు తిమోతిలోని విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలోనూ, తల్లి యునీకేలోనూ ఉండిందని రాసినప్పుడు పౌలు దానిని నిష్కపటమైన విశ్వాసమన్నాడు. మావాడు నన్ను అడిగిందీ ఆ నిష్కపటాన్ని గురించే. దానిని నేను ఎదురు చెప్పడంగా తీసుకున్నాను.

చిన్నప్పుడు స్వాస్థ్యము అంటే ఆరోగ్యమనుకునేదాన్ని. వారసత్వమని తరువాత నాన్నగారే చెప్పారు. ఇప్పుడు 127వ కీర్తన తీసి చూశాను: "కుమారులు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము." నేను వాడికి అప్పగించవలసిన దాని గురించే ఇంతసేపూ దిగులుపడుతున్నాను, ఇక్కడ వాడే నాకు అప్పగించబడిన స్వాస్థ్యమని ఉంది.

వాడి గదిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. వెళ్లి క్షమించమని అడగాలని ఉంది కానీ, అది కూడా వాడికి మాదిరి చూపించాలనే ఉద్దేశంతో వెళుతున్నానేమోనని భయంగా ఉంది. ఆ రాత్రి నాన్నగారు మా వైపు చూడనే లేదు, మాకు నేర్పడానికి ఆయన లేవలేదు. కూడిక మాట, ప్రార్థన మాట ఎత్తను. అన్ని మాటలన్నందుకు మాత్రమే వెళుతున్నాను.