టెహ్రాన్ బందీలు: విడుదలకు బ్యాంకు లెక్క

1979 నవంబర్ 4న టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం గోడలు ఎక్కి సిబ్బందిని బందీలుగా పట్టుకున్న ఇరాన్ విద్యార్థుల గురించి, మరుసటి ఏప్రిల్‌లో వాళ్లను విడిపించబోయి ఎడారిలో చెడిన అమెరికా హెలికాప్టర్ల గురించి అందరూ రాస్తారు. 52 మంది బందీలను చివరికి బయటికి తెచ్చిన ఎస్క్రో ఖాతా (షరతు తీరేదాకా సొమ్మును మూడో పక్షం దగ్గర ఉంచే ఖాతా) గురించి రాసేవాళ్లు తక్కువ. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది.

నవంబర్ 14న అమెరికా అధ్యక్షుడు కార్టర్ దాదాపు 1,200 కోట్ల డాలర్ల ఇరాన్ ఆస్తుల్ని స్తంభింపజేశాడు. ఆపడం ఒక్క సంతకంతో అయిపోయింది. వదలడమే పెద్ద చిక్కు. ఇరాన్ నుంచి బాకీలు రావాల్సిన అమెరికన్ కంపెనీలు ఈలోపు కోర్టులకెక్కి ఆ సొమ్ము మీద జప్తు ఉత్తర్వులు తెచ్చుకున్నాయి. విదేశీ శాఖల్లో ఉన్న ఇరాన్ డిపాజిట్లను కొన్ని బ్యాంకులు తమ అప్పుల కింద జమ కట్టుకున్నాయి. 1980 డిసెంబర్‌లో ఇరాన్ బందీల విడుదలకు 2,400 కోట్ల డాలర్ల హామీ అడిగింది. వాషింగ్టన్ కుదరదంది. అప్పటికే సెప్టెంబర్ నుంచి ఇరాక్‌తో యుద్ధం నడుస్తోంది, ఇరాన్‌కు డబ్బు అవసరం.

ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. ముందు డబ్బు అంటుంది ఒక పక్షం, ముందు మనుషులు అంటుంది రెండోది. పొలం బేరంలో సొమ్ము పెద్దమనిషి చేతిలో పెట్టినట్టు, అల్జీరియా మధ్యలో నిలబడింది. 1981 జనవరి 19 నాటి అల్జీర్స్ ఒప్పందాలు కూడా అల్జీరియా ప్రభుత్వ ప్రకటనల రూపంలోనే వెలువడ్డాయి.

ఒప్పందంలో అంకె 795.5 కోట్ల డాలర్లు. అందులో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లోని 16 లక్షల ఔన్సుల పైచిలుకు బంగారం కూడా లెక్కే. అంతా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో అల్జీరియా కేంద్ర బ్యాంకు పేరున్న ఖాతాకు చేరాలి. 52 మందీ ఇరాన్ దాటారని అల్జీరియా ధ్రువీకరించాకే పంపకం. బ్యాంకులు కలిసి ఇరాన్‌కు ఇచ్చిన ఉమ్మడి రుణాలు తీర్చడానికి 366.7 కోట్లు, తగాదాలో ఉన్న అప్పులకు పక్కన పెట్టింది 141.8 కోట్లు. ఇరాన్ చేతికి వెంటనే వచ్చింది మిగతా 287 కోట్లే. గెలిచామని చెప్పుకున్న పక్షానికి ఇది చిన్న మొత్తమే.

జనవరి 20న కొత్త అమెరికా అధ్యక్షుడిగా రీగన్ ప్రమాణం చేసిన కొద్ది నిమిషాలకు బందీల విమానాలు టెహ్రాన్‌లోని మెహ్రాబాద్ విమానాశ్రయం నుంచి లేచాయి.

అమెరికాలోని కోర్టు కేసుల సంగతి? వాటిని హేగ్‌లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ట్రిబ్యునల్‌కు మళ్లించారు. ముగ్గురు అమెరికా తరఫు, ముగ్గురు ఇరాన్ తరఫు, మిగతా ముగ్గురు ఇతర దేశాలవాళ్లు. తీర్పుల చెల్లింపు ఆగకుండా 100 కోట్ల డాలర్ల భద్రతా ఖాతా పెట్టారు. అది 50 కోట్లకు తగ్గితే ఇరాన్ మళ్లీ నింపాలి. సొంత పౌరుల జప్తుల్ని అధ్యక్షుడు ఇలా రద్దు చేయొచ్చా అన్న వివాదంలో, చేయొచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1981 జూలై 2న తేల్చింది.

కంపెనీలకు దారి దొరికింది గానీ బందీలకు దొరకలేదు. వాళ్లు ఇరాన్ మీద దావా వేయకూడదన్న షరతు ఒప్పందంలోనే ఉంది. బందీగా గడిపిన ఒక్కో రోజుకు 10,000 డాలర్ల వరకు పరిహారం ఇవ్వాలని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది 2015లో.