మిద్దెకు చౌడు, వ్యానుకు బ్యూటైల్

ఆస్ట్రేలియాలో జనవరి బడి సెలవుల్లో గ్రేట్ ఓషన్ రోడ్డు మీదుగా అపోలో బే అనే తీరపు ఊరికి వెళ్ళాం. రాత్రంతా వాన. తెల్లారి చూస్తే చిన్నోడి దుప్పటి ఒక మూల తడిసి ముద్దయింది. మాది పాత టొయోటా హైయేస్ క్యాంపర్‌వ్యాను. లోపల నిలబడడానికి వీలుగా దాని మీద ఫైబర్‌గ్లాస్ పైకప్పు బిగించారు. "రూఫ్ లీక్ అవుతోంది" అంది మా పెద్దది.

అదే సంగతి అనంతపురంలో ఉన్న మా నాయనకు ఫోన్లో చెబితే, "ఏందీ, వ్యాను గూడా ఉరుస్తాందా?" అన్నాడు. పిల్లలిద్దరూ నా మొహం చూశారు. ఉరవడం అనే మాట వాళ్ళు ఎన్నడూ వినలేదు. వినే అవకాశం మాత్రం ఎక్కడుంది? మెల్‌బోర్న్‌లో మా ఇల్లు ఎప్పుడూ ఉరవలేదు. ఆదివారం తెలుగు బడిలో రంగులు, పండ్లు, వారాలు, పద్యాలు వచ్చాయి. నేను మాత్రం నా చిన్నప్పుడు అన్నం గిన్నెలూ చెంబులూ చుక్కల కింద పెట్టి, ఒక్కోదానికి ఒక్కో చప్పుడు వింటూ నిద్రపోయిన రాత్రుల గురించి వాళ్ళకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆ రోజు చెప్పాను. మాది మట్టిమిద్దె. దూలాలు, దంతెలు, వాటి మీద మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. వానలు రాకముందే మా నాయన గంపలతో చౌడు మోసి మిద్దె మీద పోసి, నీళ్ళు బయటికి పోయే దోనె వైపు పారేలా వాలు సరిచేసేవాడు. చౌటినేలలో సోడియం ఎక్కువ. తడవగానే అందులోని బంకమట్టి కణాలు విడిపోయి సందుల్లో కూరుకుంటాయి, నీటిని కిందికి దిగనివ్వవు. పైరుకు పనికిరాని మట్టి ఇంటి కప్పును కాసేది. ఇది విన్న పెద్దది, "అంటే అది కోటింగే కదమ్మా!" అంది. అవును, కోటింగే.

మార్చిలో లేబర్ డే మూడు రోజుల సెలవులు. వాన లేదు, ఎండ బాగుంది. మాకు పొద్దున పదకొండైతే అక్కడ ఐదున్నర. మా నాయన అప్పటికే లేచి కాఫీ తాగుతూ వీడియోలో కూర్చున్నాడు. ఆయన మొదటి మాట: "చుక్క పడిన చోటు కాదు పాపా, నీళ్ళు దిగిన చోటు వెతుక్కోండి. దూలం పట్టుకుని ఎంత దూరమైనా నడుస్తాయి." వ్యానులోనూ అదే జరుగుతోంది. చిన్నోడు లోపల టార్చి పట్టుకున్నాడు. నేను బయట పైపుతో కింది అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో జాగాను పది నిమిషాలు తడుపుతూ పైకి వెళ్ళాను. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు కిందికి జారి అన్ని చోట్లా కారినట్టే కనిపిస్తుంది, ఏదీ తేలదు. వెనక దీపం దగ్గర పడే చుక్క అసలు పైకప్పులో ముందున్న గాలి కిటికీ చట్రం కింద నుంచి బయలుదేరుతోందని వాడే కనిపెట్టాడు. "ఇక్కడ ఉరుస్తాంది తాతా!" అని అరిచాడు.

వెనకటి యజమాని ఆ చట్రం చుట్టూ సిలికోన్ పూసి వదిలేశాడు. సిలికోన్ మీద రంగు అంటదు, మరో సీలెంటు (సందులు మూసే జిగురు) అంటదు, కొత్త సిలికోన్ కూడా సరిగా పట్టదు. అందుకే మొత్తం గీకాల్సిందే. ప్లాస్టిక్ గరిటెలతో పిల్లలూ నేనూ ఒక పూటంతా గీకాం, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. పైన నిలబడలేదు. ఫైబర్‌గ్లాస్ వంగి పగులుతుంది కనుక నిచ్చెన మీదనుంచే పని. ఇక్కడ తొందరపడితే తర్వాత చేసేదంతా వృథా అని పిల్లలకు గట్టిగానే చెప్పాను.

చట్రం ఏబీఎస్ అనే గట్టి రకం ప్లాస్టిక్. పాలియురేథేన్ సీలెంట్లలోని ద్రావకాలు దాన్ని పగిలేలా చేయగలవు, అందుకని దాని కింద బ్యూటైల్ టేపు, అంటే మెత్తటి జిగురు రబ్బరు పట్టీ వేశాం. మరలు ఒక్కసారే బిగించకుండా చుట్టూ కొద్దికొద్దిగా తిప్పుకుంటూ వస్తే టేపు నొక్కుకుని అంచు బయటికి ఉబ్బుతుంది. ఫైబర్‌గ్లాసూ ఇనుమూ కలిసే పొడవాటి అతుకుకు మాత్రం పాలియురేథేన్ సీలెంటే వాడాం, ఆ రెండూ ఎండలో వేర్వేరుగా వ్యాకోచిస్తాయి కాబట్టి కదలికను తట్టుకునేది కావాలి.

ఇక పైపూత. సిలికోన్ పూత నీరు నిలిచినా చెక్కుచెదరదు, ఎండను బాగా ఓర్చుకుంటుంది. కానీ దాని మీద ఇక ఎప్పటికీ సిలికోనే పూయాలి. నీటితో కలిసే తెల్లటి ఆక్రిలిక్ పూత ధర తక్కువ, వేడిని వెనక్కి కొడుతుంది, కొన్నేళ్ళకు మళ్ళీ పూసుకోవచ్చు; అయితే నీళ్ళు నిలిచే చోట పొరలుగా లేస్తుంది, ఆరకముందే వాన పడితే కొట్టుకుపోతుంది. ఏది తీసుకోవాలో పెద్దది తాతనే అడిగింది. "నీళ్ళు నిలుస్తాయా, పోతాయా?" అన్నాడాయన. మా పైకప్పుకు వాలుంది. ఆక్రిలిక్ తీసుకున్నాం. నున్నటి పైపొరను గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, ఒక పూత నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా వేశాం. "తడి మీద చౌడు పొయ్యొద్దు" అని ఆయన ముందే హెచ్చరించాడు. అందుకే పూత వేసేముందు లోపలి ప్లైవుడ్ పూర్తిగా ఎండేదాకా మూడు వారాలు ఆగాం. తడిని లోపల బంధిస్తే చెక్క కుళ్ళుతుంది.

ఈ పనిలో పిల్లలకు దూలం, వాలు, దోనె, అతుకు, గీకడం, ఆరబెట్టడం అన్నీ వచ్చాయి. ఏదీ పుస్తకంలో రాయించలేదు. తాతతో మాట్లాడాలంటే "ఎలా ఉన్నావు, బాగున్నాను" దగ్గరే ఆగిపోయేవాళ్ళు గంటలు మాట్లాడారు, ఎందుకంటే ఆయనకు తెలిసిందీ వాళ్ళకు కావాల్సిందీ ఒకటే అయింది.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడిన రాత్రి చిన్నోడు టార్చి తీసుకుని వ్యానులోకి వెళ్ళాడు. తిరిగొచ్చి నేరుగా ఫోన్ తీశాడు.

"తాతా, కిటికీ కాడ ఉరవలేదు. కానీ ఇంకొక చోట చిన్న చుక్క."

"ఏ పక్క నాయనా?"

"వెనక, ఎడం పక్క. అతుకు కింద."

"సరే, ఆరనీ. ఆదివారం చూద్దాం."