రాష్ట్రపతి బరిలో బయటి మనిషి: కోకా సుబ్బారావు పోటీని మళ్లీ తూచితే

రాష్ట్రపతి ఎన్నిక దగ్గరపడిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: "ఈసారైనా పార్టీలతో సంబంధం లేని మనిషిని నిలబెట్టొచ్చు కదా" అని. పేరున్న శాస్త్రవేత్తనో, రిటైరైన జడ్జినో, లంచం ముట్టని అధికారినో తలుచుకుంటాం. ఆ కోరికలో తప్పేమీ లేదు. చిక్కెక్కడంటే, చర్చంతా ఆ మనిషి ఎంత మంచివాడన్న దగ్గరే తిరుగుతుంది. మంచితనం కంటే ముందు అడగాల్సినవి మూడున్నాయి. ఆయన నామినేషన్ మీద సంతకాలు పెట్టింది ఎవరు? ఆయన ఏ కుర్చీలోంచి లేచి వస్తున్నారు? గెలిచాక ఏ కాగితం మీద సంతకం పెట్టకుండా ఆపగలరు?

ఈ మూడూ ఒక్కచోట ముందుకొచ్చిన పోటీ 1967 నాటిది. అందులో ఓడిపోయినాయన మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో పదకొండు మంది జడ్జీల ధర్మాసనం 6-5 తేడాతో తీర్పు చెప్పింది. రాజ్యాంగ సవరణ చేసినా సరే, పార్లమెంటు ప్రాథమిక హక్కులను తగ్గించడానికి వీల్లేదని దాని సారాంశం. ఆ మెజారిటీ తీర్పును నడిపించింది సుబ్బారావే. సరిగ్గా 43 రోజులకు, ఏప్రిల్ 11న, ఆయన ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు.

ఆయన్ని తప్పుపట్టే ముందు క్యాలెండర్ చూడాలి. ఆయన పుట్టింది 1902 జూలై 15న. అంటే 65 ఏళ్లు నిండి రిటైరవాల్సింది 1967 జూలైలో. మరో మూడు నెలలు ఆగి ఉంటే రాజీనామా అవసరమే ఉండేది కాదు. కానీ సర్వేపల్లి రాధాకృష్ణన్ పదవీకాలం మే 13తో ముగుస్తోంది. గడువు తీరేలోపే కొత్త ఎన్నిక పూర్తవాలని 62వ అధికరణం చెబుతుంది కాబట్టి తేదీ జరపడానికి వీల్లేదు. పోలింగ్ మే 6న. పైగా 58వ అధికరణం ప్రకారం ప్రభుత్వం కింద ఆదాయం వచ్చే పదవిలో ఉన్నవాళ్లు పోటీకి అనర్హులు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నర్లు, మంత్రులకు మినహాయింపు ఉంది కానీ జడ్జీలకు లేదు. నిలబడాలంటే ఆ ఏప్రిల్‌లోనే కుర్చీ వదలాలి. వేరే దారి లేదు.

చట్టం ఒప్పుకుంది కాబట్టి సరే అందామా? రిటైరైన సుప్రీంకోర్టు జడ్జి ఏ కోర్టులోనూ వాదించకూడదని 124(7)లో రాసిపెట్టారు. ఎన్నికల్లో నిలబడకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. నా మటుకు నాకు ఆ 43 రోజులు చాలా తక్కువ. తీర్పు ప్రభుత్వానికి ఎదురుదెబ్బ, తీర్పు చెప్పినాయనే ప్రతిపక్షం అభ్యర్థి. ఈ రెండింటికీ సంబంధం లేదనే నేను నమ్ముతాను. ఆయన ఆస్తి హక్కు మీదా ప్రాథమిక హక్కుల మీదా అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా అదే దారిలో రాస్తూ వచ్చారు. కానీ ఓడిపోయిన కక్షిదారుకి అది నమ్మించడం ఎలా? నష్టం సుబ్బారావుకు కాదు, ఆయన వదిలొచ్చిన కోర్టుకు. 1987లో పోటీచేసిన వి.ఆర్.కృష్ణయ్యర్ విషయంలో ఈ ఆక్షేపణకు తావే లేదు. ఆయన సుప్రీంకోర్టు నుంచి 1980లోనే రిటైరయ్యారు, మధ్యలో ఆరేళ్లు దాటిపోయాయి. ఆర్.వెంకట్రామన్ మీద ఆయనకు 2,81,550 ఓట్ల విలువ వచ్చింది, ఓడిపోయారు. కానీ ఏ తీర్పూ ఆ ఎన్నికకు బాకీ పడలేదు.

ఇక మూడో ప్రశ్న. సుబ్బారావు గెలిచి ఉంటే ఏమయ్యేది? ఇది ఊహే అయినా చట్టం పరంగా గట్టి ఊహ. గోలక్‌నాథ్ తీర్పును తిప్పికొట్టడానికి ప్రభుత్వం తెచ్చిన 24వ సవరణ 1971 నాటిది. అంతకు ముందు 368వ అధికరణంలో, సవరణ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం "ఇచ్చిన మీదట" అది అమల్లోకి వస్తుందన్న రీతిలో ఉండేది. ఇచ్చి తీరాలని లేదు. 24వ సవరణే ఆ మాట చేర్చింది: రాష్ట్రపతి ఆమోదం ఇవ్వాల్సిందే. మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలని 74వ అధికరణంలో స్పష్టంగా రాసింది కూడా 1976లో, 42వ సవరణతో. ఒక్కసారి పునఃపరిశీలనకు వెనక్కి పంపే వీలు 1978లో 44వ సవరణతో వచ్చింది. అంటే 1967-72 మధ్య ఆ కుర్చీలో ఉన్న మనిషి చేతిలో, కాగితం మీదైనా, ఇప్పటికంటే ఎక్కువ జాగా ఉంది. తన తీర్పును కొట్టేసే బిల్లే తన బల్ల మీదకు వస్తే సుబ్బారావు ఏం చేసేవారన్నదే ఆ రోజు ఓటర్లు నిజంగా తేల్చుకోవాల్సిన విషయం. ఆయన్ని బలపరచడానికైనా వ్యతిరేకించడానికైనా ఇంతకంటే బలమైన కారణం నాకు కనిపించదు.

ఫలితానికొస్తే కాంగ్రెస్ అభ్యర్థి జాకిర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971. మొత్తం పదిహేడు మంది అభ్యర్థులు, అందులో తొమ్మిది మందికి ఒక్క ఓటూ పడలేదు. చెల్లిన మొత్తం విలువ 8,38,048 కాబట్టి గెలుపు కోటా అందులో సగానికి ఒకటి కలిపి 4,19,025. సుబ్బారావుకు తక్కువ పడింది 55,054. ఆ ఫిబ్రవరి ఎన్నికల్లో కాంగ్రెస్ మద్రాసు, కేరళ, ఒరిస్సా, పశ్చిమ బెంగాల్, బీహార్, పంజాబ్‌ లాంటి చోట్ల దెబ్బతినబట్టే ఆయన 43 శాతం దాకా రాగలిగారు. సొంత రాష్ట్రంలో మాత్రం కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం ఉంది, అక్కడి లెక్క ఆయనకు ఎదురే. తెలుగువాడన్న అభిమానం బ్యాలెట్ దాకా రావాలంటే ముందు పార్టీ గీత దాటాలి.

ఈ ఓటు లెక్క ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు, అందుకే బయటి అభ్యర్థి మీద ఆశలు ఎక్కువ పెట్టుకుంటారు. ఓటర్లు రెండు రకాలే: పార్లమెంటుకు ఎన్నికైనవాళ్లు, శాసనసభలకు ఎన్నికైనవాళ్లు. ఎమ్మెల్సీలకు ఓటు లేదు, నామినేటెడ్ సభ్యులకూ లేదు. ఎమ్మెల్యే ఓటు విలువ కోసం 1971 జనాభాను మొత్తం ఎమ్మెల్యేల సంఖ్యతో, ఆపైన వెయ్యితో భాగిస్తారు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 1971 జనాభా 2,78,00,586. దాన్ని 175తో, మళ్లీ వెయ్యితో భాగిస్తే 158.86, దాన్ని 159 చేస్తారు. తెలంగాణకు 1,57,02,122ను 119తో, వెయ్యితో భాగిస్తే 131.95, అంటే 132. మొత్తం ఆంధ్రప్రదేశ్ సభ విలువ 27,825, తెలంగాణ సభది 15,708. రెండూ కలిపినా 43,533. ఒక్క ఉత్తరప్రదేశ్‌కే 208 చొప్పున 403 మందికి 83,824. ఎమ్మెల్యేల మొత్తం విలువను ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ వస్తుంది. 2022లో అది 700. టీవీలో ఎంత మంది మెచ్చుకున్నారన్నది ఈ లెక్కలో ఎక్కడా దూరదు.

లెక్క కంటే ముందే ఆగిపోయే చోటు నామినేషన్. 1952 చట్టంలో ఒక ప్రతిపాదకుడు, ఒక బలపరిచేవాడు ఉంటే చాలు. అందుకే సరదాగా నిలబడేవాళ్లు, ఏ ఓటూ రానివాళ్లు పోగయ్యారు. 1974లో ప్రతిపాదకులు పది, బలపరిచేవాళ్లు పది చేసి 2,500 రూపాయల ధరావతు పెట్టారు. 1977లో 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరణకు గురై నీలం సంజీవరెడ్డి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 1997లో ప్రతిపాదకులు యాభై, బలపరిచేవాళ్లు యాభై, ధరావతు 15,000 అయింది. ఆ నూరు మందీ ఓటర్లే, అంటే ఎంపీలో ఎమ్మెల్యేలో అయి ఉండాలి. తెలంగాణ శాసనసభ మొత్తం వచ్చి సంతకాలు పెడితే పందొమ్మిది మందే మిగులుతారు. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఒకటుంది: ఒక ఓటరు ఒక్క నామినేషన్ మీదే సంతకం పెట్టాలి. రెండింటి మీద పెడితే ముందు దాఖలైన దాని మీదిదే చెల్లుతుంది, రెండోది పోతుంది. సరిగ్గా నూరు సంతకాలతో వెళ్లిన అభ్యర్థికి అందులో ఒకటి ఇలా పోయినా కాగితం చెల్లదు. ఓటర్ల జాబితాలో తన పేరున్న చోటుకు ధ్రువీకరించిన నకలు జతచేయకపోయినా అంతే. అందుకే పెద్ద పార్టీలు నాలుగు సెట్లు వేస్తాయి, అంటే నాలుగు వందల వేర్వేరు సంతకాలు. పార్టీ అండ లేని మనిషికి అవి ఎక్కణ్ణుంచి వస్తాయి?

బ్యాలెట్ దగ్గర కూడా పొరపాట్లు జరుగుతాయి. ఎంపీలకు ఆకుపచ్చ కాగితం, ఎమ్మెల్యేలకు గులాబీ. ఎన్నికల సిబ్బంది ఇచ్చే ఊదా సిరా పెన్నుతోనే రాయాలి, జేబులోని పెన్ను వాడితే ఓటు చెల్లదు. అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్యం వరసలో అంకెలు వేయాలి, మొదటి ప్రాధాన్యం తప్పనిసరి. "౧" అని తెలుగు అంకె వేసినా ఓటే, "ఒకటి" అని అక్షరాల్లో రాస్తే మాత్రం చెల్లదు. విప్ వర్తించదు, ఓటు రహస్యం. బయటి అభ్యర్థి ఆశ అంతా ఈ రహస్యం మీదే.

ఆ ఆశ ఒకే ఒక్కసారి ఫలించింది, 1969లో. జాకిర్ హుస్సేన్ మే 3న మరణించాక కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి.గిరి జూలై 20న రాజీనామా చేసి స్వతంత్రుడిగా నిలబడ్డారు. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ తరఫున సి.డి.దేశ్‌ముఖ్. "అంతరాత్మ ప్రబోధం" అన్న మాట మన రాజకీయాల్లో స్థిరపడింది అప్పుడే. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. కోటా 4,18,169. ఎవరూ అందుకోలేదు. అడుగునున్నవాళ్లను ఒక్కొక్కరిగా తప్పించి వాళ్ల తర్వాతి ప్రాధాన్యాలు పంచుకుంటూ పోతే రెడ్డికి 91,879 చేరింది, గిరికి 18,562 మాత్రమే. చివరికి 4,20,077, 4,05,427. తేడా 14,650. కోటా మీద గిరికి మిగిలింది 1,908. దేశ్‌ముఖ్ ఓటర్లు అంత గట్టిగా రెడ్డి వైపు మొగ్గినా సరిపోలేదు.

అయితే గిరి బయటి మనిషేనా? కాగితం మీద స్వతంత్రుడు, వెనక ఉన్నది ప్రధాని ఇందిరాగాంధీ. రాజీనామాకు ముందు రోజు, జూలై 19న, బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టింది ఆయనే. 1970లో మాజీ రాజుల భరణాలను రద్దుచేసే బిల్లు రాజ్యసభలో వీగిపోతే, రాజుల గుర్తింపు రద్దుచేసే ఉత్తర్వు మీదా ఆయన సంతకమే ఉంది. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మొదటి ప్రశ్న, సంతకాలు ఎవరివన్నది, ఎందుకు ముందుండాలంటే ఇందుకే.

టి.ఎన్.శేషన్ దీనికి పూర్తిగా రెండో కొస. ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా జనం ఆయనకు నీరాజనాలు పట్టారు. 1997లో కె.ఆర్.నారాయణన్‌కు 9,56,290 వస్తే శేషన్‌కు 50,631. గెలుపు కోటాలో ఆరో వంతు దాటకపోతే ధరావతు పోతుంది, ఆ రోజు ఆ ఆరో వంతు అంటే 83,910. ఓటేసేది ఆయన క్రమశిక్షణ నేర్పబోయిన ఎంపీలూ ఎమ్మెల్యేలే కదా.

అబ్దుల్ కలాంను చూపించి బయటి మనిషి గెలవగలడని వాదిస్తారు. 2002లో ఆయన్ను నిలబెట్టింది ఎన్డీయే, కాంగ్రెస్ కూడా బలపరిచింది, తెలుగుదేశం ఓట్లూ ఆయనకే. 9,22,884 అలా వచ్చింది. పార్టీలు ఎత్తుకున్న బయటి మనిషి ఆయన. నాకు ఆయనంటే గౌరవం ఉంది. 2006లో లాభదాయక పదవుల బిల్లును వెనక్కి పంపినప్పుడు ఆ కుర్చీకి తగ్గ పనే చేశారు. కానీ అంతకు ముందు ఏడాది మేలో, రష్యా పర్యటనలో ఉండగా, బీహార్ అసెంబ్లీ రద్దు ప్రకటన అర్ధరాత్రి మాస్కోకు చేరింది. ఆయన సంతకం పెట్టేశారు. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని కేబినెట్ పంపిన సిఫార్సును నారాయణన్ తిప్పి పంపారు, కేబినెట్ వెనక్కి తగ్గింది. నారాయణన్ కాంగ్రెస్ ఎంపీగా, మంత్రిగా పనిచేసిన మనిషి. ఆయనకు ఆ తలుపు ఎక్కడుందో తెలుసు. మాస్కోలో ఆ రాత్రి కలాం కూడా పునఃపరిశీలించమని ఒక్క మాట రాసి ఉండొచ్చు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పేసరికి బీహార్‌లో మళ్లీ ఎన్నికల ప్రక్రియ మొదలైపోయింది, ఆ అసెంబ్లీ తిరిగి రాలేదు.